పాత కారు ఇంజిన్‌కు ఆయిల్, జింక్ అడిటివ్ ఎలా ఎంచుకోవాలి?

పాత కారు ఉన్నవాళ్లలో చాలామందికి ఒకటే టెన్షన్: ఇప్పటి ఆయిళ్లలో జింక్ తగ్గించేశారట, మన ఇంజిన్ అరిగిపోతుందేమో అని. అందులో నిజం ఉంది, కానీ అన్ని పాత ఇంజిన్లకూ అది వర్తించదు. అవసరమే లేని ఇంజిన్‌లో జింక్ సీసాలు పోసేవాళ్లున్నారు. నిజంగా అవసరమైన ఇంజిన్‌లో చేతికందిన పల్చటి ఆయిల్ పోసి క్యామ్‌షాఫ్ట్ (వాల్వులను తెరిచే తిరుగుడు కడ్డీ) పోగొట్టుకునేవాళ్లూ ఉన్నారు. అందుకే సీసా జోలికి వెళ్లే ముందు మూడు సంగతులు తేల్చుకోండి. ఇంజిన్‌లో ఉన్నవి ఏ రకం ట్యాపెట్లు (క్యామ్‌షాఫ్ట్ తోపును వాల్వ్ వైపు అందించే చిన్న భాగాలు)? దానికి ఏ గ్రేడ్ ఆయిల్ కావాలి? మీరు కొనే ఆయిల్‌లో జింక్‌తో పాటు వచ్చే ఫాస్ఫరస్ ఇప్పటికే ఎంత ఉంది?

1. ముందు ట్యాపెట్ల సంగతి తెలుసుకోండి

జింక్ గొడవంతా క్యామ్ లోబ్ (క్యామ్‌షాఫ్ట్ మీది ఉబ్బెత్తు భాగం), ట్యాపెట్ ఒకదాన్నొకటి తాకే చోట ఉంది. రోలర్ ట్యాపెట్ అయితే చిన్న చక్రం క్యామ్ మీద దొర్లుతుంది. ఫ్లాట్ ట్యాపెట్‌కు చక్రం ఉండదు, దాని అడుగు భాగమే లోబ్ మీద రాసుకుంటూ పోతుంది. వాల్వ్ స్ప్రింగ్ బలమంతా సన్నటి గీతంత చోట పడుతుంది కాబట్టి అక్కడ ఆయిల్ పొర నిలవదు, లోహానికి లోహం తగులుతుంది.

అలాంటి చోట కాపాడేది జెడ్‌డీడీపీ అనే రసాయనం. జింక్, ఫాస్ఫరస్, గంధకం కలిసిన పదార్థమిది. 1940ల నుంచి ఇంజిన్ ఆయిళ్లలో వాడుతున్నారు. రాపిడికి, వేడికి ఇది విడిపోయి లోహం మీద గాజులాంటి పొరగా ఏర్పడుతుంది. ఆ పొర మందం వెంట్రుకలో కొన్ని వందల వంతు మాత్రమే. లోహానికి బదులు అదే అరుగుతుంది, మళ్లీ ఏర్పడుతుంది. అందరూ జింక్ అంటారు గానీ ఇక్కడ అసలు పని చేసేది ఎక్కువగా ఫాస్ఫరస్. అందుకే ఆయిల్ వివరాలు చూసేటప్పుడు రెండు అంకెలూ చూడాలి.

1980ల మధ్య వరకు వచ్చిన పుష్‌రాడ్ ఇంజిన్లలో (కింద ఉన్న క్యామ్ కదలికను కడ్డీలతో పైనున్న వాల్వులకు చేర్చేవి) ఎక్కువ శాతం ఫ్లాట్ ట్యాపెట్లే. ఆ తర్వాత రోలర్లు పెరిగాయి. క్యామ్ పైన ఉండే ఇంజిన్లలో బకెట్ ట్యాపెట్లు కూడా జారేవే, కానీ కంపెనీ స్ప్రింగులతో వాటి మీద భారం సాధారణంగా తక్కువ. ఖచ్చితంగా తెలియాలంటే వర్క్‌షాప్ మాన్యువల్ లేదా విడిభాగాల కేటలాగ్ చూడండి. పుష్‌రాడ్ ఇంజిన్‌లో వాల్వ్ కవర్ తీస్తే రాకర్లు (వాల్వులను నొక్కే చేతులు) కనిపిస్తాయి తప్ప ట్యాపెట్లు కనిపించవు, రాకర్లను చూసి నిర్ణయానికి రావద్దు. ఇంజిన్ ఎప్పుడో విప్పి కట్టినదైతే, క్యామ్‌షాఫ్ట్‌తో పాటు గట్టి స్ప్రింగులు వేశారేమో కనుక్కోండి. స్ప్రింగ్ గట్టిపడే కొద్దీ ఫాస్ఫరస్ అవసరం పెరుగుతుంది.

మీది రోలర్ ఇంజిన్ అయితే జింక్ గురించి బెంగ పడక్కర్లేదు. సరైన గ్రేడ్ ఆయిల్ వేసుకుంటే సరిపోతుంది.

2. గ్రేడ్ మాన్యువల్ ప్రకారమే

పాత ఇంజిన్ల మాన్యువల్స్‌లో ఎక్కువగా కనిపించేవి 20డబ్ల్యూ-50, 15డబ్ల్యూ-40, 10డబ్ల్యూ-40. డబ్ల్యూకు ముందున్న అంకె చలిలో స్టార్ట్ చేసినప్పుడు ఆయిల్ ఎంత తేలిగ్గా పారుతుందో చెబుతుంది. తర్వాతి అంకె 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర చిక్కదనాన్ని సూచిస్తుంది. బేరింగుల సందులు కాస్త ఎక్కువగా పెట్టి కట్టిన ఇంజిన్‌లో 0డబ్ల్యూ-20 లాంటి పల్చటి ఆయిల్ పోస్తే వేడెక్కాక ప్రెషర్ నిలవదు.

ఇంజిన్ శబ్దం చేస్తోందని అదే పనిగా చిక్కటి ఆయిల్‌కు మారడమూ మంచిది కాదు. శబ్దం తగ్గినట్టే ఉంటుంది. కానీ పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు ఆయిల్ పైదాకా చేరడం ఆలస్యమవుతుంది, ఎక్కువ అరుగుదల జరిగేది అప్పుడే. ఇంజిన్ బాగా వేడెక్కాక ప్రెషర్ గేజ్ చూడండి. మాన్యువల్‌లో అంకె దొరక్కపోతే ప్రతి 1,000 ఆర్‌పీఎంకు దాదాపు 10 పీఎస్‌ఐ ఉండాలన్నది మెకానిక్‌లు చాలాకాలంగా వాడుతున్న లెక్క. అంతకంటే బాగా తక్కువ ఉంటే ఆయిల్ మార్చి చేతులు దులుపుకోకుండా బేరింగులు, పంపు చూపించండి.

3. డబ్బా మీద రాసింది చదవండి

ఫాస్ఫరస్ ఎందుకు తగ్గించారంటే, ఇంజిన్‌లో కాలిన ఆయిల్‌తో పాటు అది పొగగొట్టంలోకి వెళ్లి క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది. ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) ప్రమాణాల్లో 2004లో వచ్చిన ఎస్‌ఎమ్ నుంచి 5డబ్ల్యూ-30, 10డబ్ల్యూ-30 లాంటి పల్చటి గ్రేడ్‌లలో ఫాస్ఫరస్ 600 నుంచి 800 పీపీఎం (పది లక్షల్లో ఇన్ని భాగాలు) మధ్యే ఉండాలన్నారు. 2010 నాటి ఎస్‌ఎన్, 2020 నాటి ఎస్‌పీ కూడా అదే దారి. కానీ 15డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-50 లాంటి చిక్కటి గ్రేడ్‌లకు ఈ గరిష్ఠ పరిమితి లేదు. చాలామంది గమనించని సంగతి ఇది. మీ మాన్యువల్ అడిగే గ్రేడ్‌లోనే ఫాస్ఫరస్ ఎక్కువున్న కొత్త ఆయిల్ దొరికే అవకాశం బాగా ఉంది.

ఏపీఐ గుండ్రటి గుర్తు కింది భాగంలో 'రిసోర్స్ కన్జర్వింగ్' అని ఉంటే అది ఫాస్ఫరస్ తగ్గించిన ఆయిల్. ఫ్లాట్ ట్యాపెట్ ఇంజిన్‌కు దాన్ని పక్కన పెట్టండి. ఆ మాట లేనంత మాత్రాన ఫాస్ఫరస్ దండిగా ఉన్నట్టు కాదు. పరిమితి లేకపోవడం వేరు, కంపెనీ నిజంగా కలపడం వేరు. అందుకే ఆ ఆయిల్ టెక్నికల్ డేటా షీట్ తెచ్చి ఫాస్ఫరస్ అంకె చూడండి. అది ఇవ్వని కంపెనీకి రాసి అడగండి. కంపెనీ స్ప్రింగులున్న ఫ్లాట్ ట్యాపెట్ ఇంజిన్‌కు 1,000 నుంచి 1,200 పీపీఎం మంచి లక్ష్యం. గట్టి స్ప్రింగులుంటే 1,400 వరకు వెళ్లవచ్చు.

డీజిల్ ఇంజిన్ ఆయిళ్లలో సీఐ-4 రకానికి ఫాస్ఫరస్ పరిమితి లేదు. తర్వాత వచ్చిన సీజే-4, సీకే-4లకు 1,200 పీపీఎం దాటకూడదన్న నిబంధన ఉంది. పాత పెట్రోల్ ఇంజిన్లలో వీటిని పోసేవాళ్లు ఉన్నారు. కానీ వీటిలో డిటర్జెంట్ ఎక్కువ, అది కూడా లోహం మీద చోటు కోసం జెడ్‌డీడీపీతో పోటీ పడుతుంది. పాత కార్ల కోసమే తయారుచేసిన ఆయిల్ దొరికితే నా ఓటు దానికే.

'పాత బండికి పాత ఆయిల్' అంటూ ఏపీఐ ఎస్‌ఏ, ఎస్‌బీ రకాలు మాత్రం కొనకండి. ఎస్‌ఏ 1930 తర్వాతి పెట్రోల్ ఇంజిన్లకు, ఎస్‌బీ 1951 తర్వాతి వాటికి పనికిరావని ఏపీఐయే చెబుతోంది.

4. అడిటివ్ కలపాల్సి వస్తే లెక్క వేసి కలపండి

సరైన ఆయిల్ దొరికితే అడిటివ్ అక్కర్లేదు. ఆయిల్ కంపెనీ అన్ని పదార్థాలనూ ఒకదానితో ఒకటి సరిచూసి కలుపుతుంది, మనం బయటి నుంచి పోసేది ఆ పొందికను కొంత కదిలిస్తుంది. దొరకనప్పుడే సీసా.

ఉదాహరణకు మీ ఆయిల్‌లో 800 పీపీఎం ఫాస్ఫరస్ ఉంది, సంప్‌లో (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో) 4 లీటర్లు పడుతుంది, మీకు 1,200 కావాలి. అడిటివ్‌లో ఫాస్ఫరస్ 2 శాతం, అంటే 20,000 పీపీఎం అనుకుందాం. కావాల్సిన తేడా 400. దాన్ని 4 లీటర్లతో హెచ్చించి 20,000తో భాగిస్తే 0.08 లీటరు, అంటే 80 మిల్లీలీటర్లు. సీసాలో 300 మిల్లీలీటర్లు ఉన్నాయని మొత్తం ఒంపేస్తే అదే ఆయిల్ 2,000 దాటిపోతుంది. ఫాస్ఫరస్ శాతం చెప్పని సీసాతో ఈ లెక్క కుదరదు కాబట్టి దాన్ని కొనకండి.

ఎక్కువైతే మరింత రక్షణ అనుకోవద్దు. 1,400 పీపీఎం దాటాక లాభం ఉండదు, మరీ ఎక్కువైతే ఆ రసాయనమే లోహాన్ని తినడం మొదలుపెడుతుంది. బండికి క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటే, ముఖ్యంగా ఇంజిన్ ఆయిల్ తాగుతుంటే, ఇంకా జాగ్రత్త. సీసాను బాగా కుదిపి, ఆయిల్ మార్చేటప్పుడు కొత్త ఆయిల్‌తోనే కలపండి.

5. కొత్త క్యామ్‌షాఫ్ట్ వేస్తే మొదటి అరగంటే కీలకం

ఫ్లాట్ ట్యాపెట్ క్యామ్‌లు ఎక్కువగా పోయేది ఇక్కడే. కొత్త క్యామ్‌కు కొత్త ట్యాపెట్లే వేయాలి. లోబ్‌లకు, ట్యాపెట్ల అడుగుకు అసెంబ్లీ పేస్ట్ రాసి, బ్రేక్-ఇన్ ఆయిల్ (కొత్త భాగాలు ఒదిగేదాకా వాడేది) పోసి, ముందుగానే పంపు తిప్పి ఆయిల్ అన్నిచోట్లకూ ఎక్కించండి. ఇగ్నిషన్ టైమింగ్, కార్బురేటర్ ముందే సరిచేసి పెట్టుకుంటే స్టార్టర్‌ను ఊరికే తిప్పాల్సిన పని ఉండదు.

ఇంజిన్ అందుకోగానే 2,000 ఆర్‌పీఎంకు తీసుకెళ్లండి, ఐడిల్‌లో వదలొద్దు. లోబ్‌ల మీద పడే ఆయిల్ చాలావరకు క్రాంక్‌షాఫ్ట్ విసిరే తుంపరే, ఐడిల్‌లో అది చాలదు. 20 నుంచి 30 నిమిషాలు 2,000, 2,500 మధ్య వేగం మారుస్తూ ఉంచండి. వాల్వ్ కవర్ తీసి చూసే వీలుంటే పుష్‌రాడ్లు మెల్లగా గుండ్రంగా తిరుగుతున్నాయో లేదో గమనించండి. అవి తిరుగుతుంటే కింద ట్యాపెట్లూ తిరుగుతున్నట్టే. ఒకటి గుండ్రంగా తిరగకుండా ఉంటే వెంటనే ఇంజిన్ ఆపి ఆ ట్యాపెట్ బయటకు తీయండి. పని అయ్యాక ఆయిల్, ఫిల్టర్ రెండూ మార్చేయండి.

6. తర్వాత కనిపెట్టి ఉండాల్సినవి

బండి తక్కువ తిరిగినా ఏడాదికోసారి ఆయిల్ మార్చండి. కార్బురేటర్ ఇంజిన్లలో పెట్రోల్ ఆయిల్‌లోకి దిగుతుంటుంది. డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి, పెట్రోల్ కొడుతుంటే గడువు దాకా ఆగొద్దు. సింథటిక్ ఆయిల్ వేసుకోవచ్చు, అయితే ఏళ్ల తరబడి మడ్డి పేరుకున్న ఇంజిన్‌లో ఏ మంచి ఆయిల్ అయినా దాన్ని కదిలిస్తుంది. మొదటి ఫిల్టర్‌ను త్వరగా మార్చండి, సీళ్ల దగ్గర కారుతోందేమో చూసుకోండి.

తీసిన ఫిల్టర్‌ను కోసి కాగితపు మడతలు విప్పి చూడటం అలవాటు చేసుకోండి. అయస్కాంతానికి అంటుకునే మెరిసే పొడి కనిపించినా, పైభాగంలో టిక్ టిక్ శబ్దం సర్దుబాటు చేశాక కూడా తిరిగొస్తున్నా, కార్బురేటర్‌లోంచి టప్పుమని ఎదురుకొడుతున్నా లోబ్ అరుగుతోందేమో అనుమానించాలి. డయల్ గేజ్‌తో ఒక్కో వాల్వ్ ఎంత లేస్తోందో కొలిచి, ఇన్‌టేక్‌లను ఇన్‌టేక్‌లతో, ఎగ్జాస్ట్‌లను ఎగ్జాస్ట్‌లతో పోల్చండి. ఒకటి మిగతావాటికంటే తక్కువ లేస్తుంటే ఆ లోబ్ అరిగినట్టే. ఆ దశలో ఏ జింక్ సీసా పోసినా పోయిన లోహం తిరిగి రాదు, క్యామ్‌షాఫ్ట్, ట్యాపెట్లు మార్చాల్సిందే.