విశాఖలో చిన్న వ్యాపారి నిపుణుల సలహా ఎప్పుడు, ఎలా తీసుకోవాలి

విశాఖపట్నంలో చిన్న వ్యాపారులు చాలామంది ఆడిటరు గడప తొక్కేది నోటీసు వచ్చిన తరువాతే. అప్పటికి సరుకు వెళ్లిపోయి, బిల్లులు తెగిపోయి ఉంటాయి కాబట్టి ఆయన చేయగలిగింది జవాబు రాయడం, వడ్డీ లెక్క కట్టడం మాత్రమే. సలహా రుసుము గిట్టుబాటయ్యేది నిర్ణయానికి ముందు చెల్లించినప్పుడే.

ఎంవీపీ కాలనీలో పిండివంటలు తయారుచేసి అమ్మే ఒకరు జీఎస్టీ కాంపోజిషన్ పథకంలో ఉన్నారనుకుందాం. టర్నోవరు 1.5 కోట్ల రూపాయలు మించని తయారీదారులు 1 శాతం పన్నుతో, తక్కువ లెక్కలతో గడుపుకోగలిగే పథకమిది. ఈలోగా బరంపురం నుంచి ఒక దుకాణదారు నెలనెలా సరుకు పంపమంటాడు. మనకు విజయవాడ కంటే బరంపురమే దగ్గర, కానీ అది ఒడిశా. కాంపోజిషన్‌లో ఉన్నవారు రాష్ట్రం దాటించి సరుకు అమ్మకూడదు. మొదటి పెట్టె లారీ ఎక్కకముందే అడిగితే, పథకం నుంచి బయటికి వస్తే పన్ను ఎంత పెరుగుతుందో, కొనుగోళ్లపై ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నును మనం కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవడం) ఎంత కలిసివస్తుందో చూసి, ఆ ఆర్డరు లాభమో నష్టమో సలహాదారు లెక్కవేసి చెప్పగలరు. ఈ పథకంలో ఉన్నవారు ఇవ్వవలసింది టాక్స్ ఇన్వాయిస్ కాదు, పన్ను విడిగా చూపని బిల్ ఆఫ్ సప్లై. కనుక బిల్లు పుస్తకం అచ్చుకు ఇచ్చే ముందే నమూనా ఆయనకు చూపించడం మేలు.

గాజువాక ఆటోనగర్ షెడ్లలో లేత్ పని, ఫ్యాబ్రికేషన్ చేసేవారి బాధ వేరు: పని చేసి ఇచ్చినా డబ్బు నెలల తరబడి రాదు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల (ఎంఎస్ఎంఈ) చట్టం ప్రకారం కొనుగోలుదారు సూక్ష్మ, చిన్న సంస్థలకు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ పడుతుంది. అయితే ఈ హక్కు చేతికందాలంటే సరుకు ఇవ్వకముందే ఉద్యం (ఇలాంటి సంస్థలకు ప్రభుత్వమిచ్చే నమోదు) చేయించుకుని, ఆ సంఖ్యను బిల్లుపై వేసి, సరుకు అందిన తేదీతో డెలివరీ చలానాపై సంతకం తీసుకోవడం క్షేమం. ఉద్యం నమోదుకు ప్రభుత్వ పోర్టల్‌లో రుసుమే లేదు. దానికి వేలు అడిగేవారి దగ్గర మరే సలహా కూడా తీసుకోనక్కరలేదు.

అన్నిటికీ ఒక్కరే సరిపోరు. రిటర్నులకు జీఎస్టీ ప్రాక్టీషనరు చాలు. పన్ను ప్రణాళికకు, బ్యాంకు రుణపత్రాలకు చార్టర్డ్ అకౌంటెంటు కావాలి. అద్దె ఒప్పందానికి, భాగస్వామ్య పత్రానికి న్యాయవాది ఉండాలి. తోడల్లుడితో కలిసి దుకాణం తెరిచేవారు చుట్టరికం చూసుకుని ఈ చివరిది వదిలేస్తుంటారు. కానీ నమోదు కాని భాగస్వామ్య సంస్థ ఒప్పందపు బాకీ కోసం బయటివారిపై దావా వేయలేదని 1932 నాటి చట్టం చెబుతోంది.

వెళ్లేటప్పుడు బ్యాంకు స్టేట్‌మెంటు, కొనుగోలు బిల్లులు, అద్దె పత్రం తీసుకువెళ్లాలి. "నా వ్యాపారానికి ఏది మంచిది" అని అడిగితే వచ్చే జవాబు కూడా అంతే గాలిలో ఉంటుంది. "వచ్చే నెల నుంచి ఒడిశాకు సరుకు పంపితే నా పన్ను ఎలా మారుతుంది" అని అడగాలి. నెలవారీ రిటర్నుల రుసుములో సలహా కూడా చేరి ఉందో లేదో మొదటే తేల్చుకుని, చెప్పిన మాటను వాట్సాప్‌లోనైనా రాతపూర్వకంగా తెప్పించుకోవాలి. చార్టర్డ్ అకౌంటెంటు ఇచ్చే ధ్రువపత్రంపై అంకెలు, అక్షరాలు కలిపి 18 ఉండే యూడీఐఎన్ అనే గుర్తింపు సంఖ్య ఉంటుంది. చార్టర్డ్ అకౌంటెంట్ల జాతీయ సంస్థ ఐసీఏఐ పోర్టల్‌లో దాన్ని ఎవరైనా సరిచూసుకోవచ్చు.

ఇంకొకటి, అన్నిటికంటే ఎక్కువ అశ్రద్ధకు గురయ్యేది: జీఎస్టీ, ఆదాయపు పన్ను పోర్టళ్లలో వ్యాపారి సొంత ఫోను నంబరు, ఈమెయిలు ఉండాలి. "ఓటీపీ కోసం మిమ్మల్ని మాటిమాటికీ విసిగించడం ఎందుకండీ" అంటూ గుమాస్తా తన నంబరు పెట్టేస్తే, శాఖ పంపే నోటీసు కూడా అతని ఫోనుకే వెళుతుంది, జవాబు గడువు అక్కడే గడిచిపోతుంది. సలహాదారును మార్చేటప్పుడు పాస్‌వర్డులు మార్చుకుని, దాఖలు చేసిన రిటర్నుల ప్రతులు, లెక్కల ఫైలు వెనక్కి తీసుకోవాలి. వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలల పాటు లెక్కలు భద్రపరచవలసిన బాధ్యత జీఎస్టీ చట్టం వ్యాపారి మీదే పెట్టింది.