ఉల్లిపొట్టుతో నూలుకు పక్కా రంగు

ఇంట్లో అద్దిన నూలు రెండు ఉతుకులకే వెలిసిపోతే చాలామంది ఉల్లిపొట్టును తప్పుపడతారు. అసలు లోపం అంతకుముందే, నూలు శుభ్రం చేయడంలోనో, రంగును పోగుకు పట్టి ఉంచే పటిక పట్టించడంలోనో జరిగి ఉంటుంది. అందుకే ఆ రెండింటికీ ఎక్కువ సమయం ఇవ్వండి.

కింది కొలతలన్నీ 100 గ్రాముల పొడి పత్తి నూలుకు. చిలపను (నూలు చుట్టను) నాలుగు చోట్ల వదులుగా కట్టండి. బిగిస్తే ముడి కింద రంగు ఎక్కక తెల్లగా మిగులుతుంది. రెండు చిన్న చెంచాల వాషింగ్ సోడా వేసిన నీళ్లలో గంటసేపు ఉడికించి జాడించండి. నూలులోని మైనం దిగి నీళ్లు టీ రంగుకు తిరుగుతాయి. ఆరాక ఓ నీటి చుక్క వేసి చూడండి: టక్కున ఇంకిపోవాలి. పూసలా నిలబడిందంటే మళ్లీ ఉడికించాల్సిందే.

పత్తి పటికను సరిగా పట్టుకోదు, మధ్యలో వగరు (టానిన్) కావాలి. 20 గ్రాముల కరక్కాయ పొడిని వేడినీళ్లలో కలిపి వడకట్టి, నూలును అందులో రెండు గంటలు నానబెట్టండి. జాడించకుండా పిండి, 15 గ్రాముల పటిక కరిగించిన గోరువెచ్చని నీళ్లలో రాత్రంతా ఉంచండి.

ఉన్నికైతే సోడా, కరక్కాయ వద్దు. సోడా ఉన్నిని పాడుచేస్తుంది. మెత్తని సబ్బుతో కడిగి, 12 గ్రాముల పటిక నీళ్లలో మెల్లగా వేడి చేస్తే చాలు. తెర్లనిచ్చినా, గట్టిగా కలియబెట్టినా, వేడి మీద తీసి చన్నీళ్లలో ముంచినా ఉన్ని అట్టకడుతుంది.

ఇక రంగు. 100 గ్రాముల ఎండు ఉల్లిపొట్టు చూడ్డానికి గుట్టలా ఉంటుంది, తగ్గించకండి. స్టీలు గిన్నెలో (వంటకు వాడనిది) గంటసేపు ఉడికించి, బట్టతో వడకట్టండి. పొట్టు ముక్క నూలుకు అంటుకుంటే అక్కడ మచ్చే. నూలును తడిపి దించండి, పొడిగా వేస్తే రంగు చారలుగా ఎక్కుతుంది. సన్నని సెగ మీద గంట ఉంచి, ఆ నీళ్లలోనే చల్లారనివ్వండి. తడి మీద ముదురుగా కనిపించినా ఆరాక తేలికవుతుంది.

ఆకుపచ్చ ఛాయ కావాలంటే చివర్లో, ఒక గ్రాము అన్నభేది (ఇనుప లవణం) కరిగించిన వేరే నీళ్లలో పది నిమిషాలు ముంచండి. ఎక్కువైతే పోగు పెళుసెక్కుతుంది. ఇనుప మూకుడులో ఉడికించినా, ఇనుము తగిలి రంగు మాసిపోతుంది.

బంతిపూలకూ దానిమ్మ తొక్కకూ ఇదే పద్ధతి. పసుపు మొదట కళ్లు చెదిరేలా ఉన్నా ఎండకు నిలవదు. బీట్‌రూట్ జోలికి పోకపోవడమే మంచిది, ఉతుకులోనే పోతుంది.

నీడలో ఆరబెట్టి, వారం ఆగి సబ్బుతో ఉతకండి. మిగిలిన రంగు నీళ్లు పారబోయకండి, పటిక పట్టించిన ఇంకో చిలపకు లేత ఛాయ వస్తుంది.