టీసీపీ ఆప్షన్లు చదివే సీ ఫంక్షన్: లెంగ్త్ బైట్‌ని గుడ్డిగా నమ్మకండి

టీసీపీ అంటే నెట్‌వర్క్‌లో డేటాని నమ్మకంగా చేరవేసే ప్రోటోకాల్, ఆప్షన్లంటే దాని హెడర్ చివర వచ్చే అదనపు వివరాలు. టీసీపీ హెడర్ తక్కువలో తక్కువ 20 బైట్లు, ఎక్కువలో ఎక్కువ 60, అంటే ఆప్షన్లన్నీ 40 బైట్లలోపే సర్దుకోవాలి. హెడర్ పొడవు చెప్పే డేటా ఆఫ్‌సెట్ అనే నాలుగు బిట్ల విలువని 4తో గుణించి 20 తీసేస్తే ఆప్షన్ల పొడవు వచ్చేస్తుంది. డేటా ఆఫ్‌సెట్ 5 కంటే తక్కువున్నా, దాన్ని 4తో గుణిస్తే వచ్చింది మీ దగ్గరున్న సెగ్మెంట్ (హెడర్, డేటా కలిసిన ముక్క) కన్నా పెద్దదైనా ముందుకెళ్లొద్దు, అక్కడే ఎర్రర్ రిటర్న్ చేసేయండి.

ఫంక్షన్‌కి మూడు ఆర్గ్యుమెంట్లు చాలు: ఆప్షన్లు మొదలయ్యే చోటికి అన్‌సైన్డ్ చార్ పాయింటర్, వాటి పొడవు, చదివినవి నింపడానికి ఒక స్ట్రక్ట్.

ఇక లూప్. మొదటి బైట్ ఆప్షన్ రకం. అది 0 అయితే ఆప్షన్లు అయిపోయినట్టే, బయటికి వచ్చేయండి. 1 అయితే నో-ఆప్, అంటే ఖాళీ నింపే బైట్, ఒక్క బైట్ జరగండి. ఈ రెండింటికీ లెంగ్త్ ఉండదు, మిగతా అన్నిటికీ రెండో బైటే లెంగ్త్, అందులో రకం బైటూ లెంగ్త్ బైటూ కూడా కలిసే ఉంటాయి. అసలు ప్రమాదం ఇక్కడే. అవతలివాడు లెంగ్త్‌లో 0 పెట్టి పంపితే మీ పాయింటర్ కదలదు, లూప్ ఎప్పటికీ ఆగదు, ఒక్క ప్యాకెట్‌తో ప్రోగ్రామ్ మొత్తం హ్యాంగ్! అందుకని వరుసగా మూడు చెక్‌లు పెట్టండి, ఏదీ వదలొద్దు: లెంగ్త్ చదవడానికి ముందే 2 బైట్ల కన్నా తక్కువ మిగిలాయా, చదివిన లెంగ్త్ 2 కంటే తక్కువగా ఉందా, మిగిలినదాని కన్నా ఎక్కువగా ఉందా. దేనికి అవునని వచ్చినా ఎర్రర్ రిటర్న్ చేసేయండి.

ఆ తర్వాత రకాన్ని బట్టి స్విచ్. ఎంఎస్‌ఎస్ (ఒక సెగ్మెంట్‌లో తీసుకోగల గరిష్ఠ డేటా) రకం 2, లెంగ్త్ 4. విండో స్కేల్ (రిసీవ్ విండో సైజుని పెంచే గుణకం) రకం 3, లెంగ్త్ 3, విలువ 14 దాటితే 14గానే తీసుకోవాలి. టైమ్‌స్టాంప్ రకం 8, లెంగ్త్ 10. తెలియని రకం వస్తే ఎర్రర్ ఇవ్వకండి, దాని లెంగ్త్ అంత దూకేయండి, లేకపోతే రేపు కొత్త ఆప్షన్ వచ్చినరోజు మీ కోడ్ మంచి కనెక్షన్లని కూడా తెంచేస్తుంది.

విలువ తీసేటప్పుడు పాయింటర్‌ని 16 బిట్ల రకానికి కాస్ట్ చేసే అలవాటుంటే మానేయండి, ఆప్షన్లు బేసి అడ్రస్‌లోనూ మొదలవుతాయి, కొన్ని ప్రాసెసర్లు దానికే క్రాష్ చేస్తాయి. మెమ్‌కాపీ (memcpy)తో లోకల్ వేరియబుల్‌లోకి తెచ్చుకుని, నెట్‌వర్క్ బైట్ల వరుసని మీ మెషిన్ వరుసలోకి మార్చే ఎన్‌టీఓహెచ్‌ఎస్ (ntohs) పిలవండి. ఎంఎస్‌ఎస్ 1460 రావాల్సినచోట 46085 కనిపిస్తే ఆ పిలుపు మర్చిపోయారన్నమాట.

టెస్టింగ్‌కి లినక్స్ పంపే మామూలు సిన్ (కనెక్షన్ మొదలుపెట్టే) ప్యాకెట్ పట్టుకోండి: ఎంఎస్‌ఎస్, సాక్ పర్మిటెడ్ (అందిన ముక్కలు ఏవో విడిగా చెప్పొచ్చనే అనుమతి), టైమ్‌స్టాంప్, నో-ఆప్, విండో స్కేల్, కలిపి సరిగ్గా 20 బైట్లు. అది పాసయ్యాక లెంగ్త్‌లో 0, 1, 255 పెట్టి మళ్లీ నడపండి.