సొరచేపలను ప్రాణంతో చూడాలంటే: మాల్దీవుల డైవింగ్ బోటు ప్రయాణానికి మన జిల్లాల వారి సన్నాహాలు

భావనపాడులోనో కళింగపట్నంలోనో వేటకు వెళ్లిన పడవలు ఒడ్డుకు చేరే వేళ సొరచేపను చూడని వారు మన వైపు తక్కువ. పాలసొర అనగానే బాలింతకు వండిపెట్టే కూర గుర్తుకు వస్తుంది. అదే చేపను తన నీటిలో, తన దారిన తిరుగుతుండగా చూడాలనుకునే వారికి మనకు దగ్గరలో మాల్దీవులను మించిన చోటు లేదని నా అభిప్రాయం. 2010లో ఆ దేశం సొర వేటను నిషేధించింది. అక్కడ వారం పాటు బోటులోనే తిని, పడుకుని, రోజుకు మూడు సార్లు నీటిలోకి దిగే ప్రయాణాన్ని లివ్‌అబోర్డ్ అంటారు.

ముందుగా చేయవలసింది శిక్షణ. ఓపెన్ వాటర్ కోర్సు 18 మీటర్ల లోతు వరకు, అడ్వాన్స్‌డ్ కోర్సు 30 మీటర్ల వరకు అర్హతనిస్తాయి. మాల్దీవుల్లో వినోద డైవింగ్‌కు 30 మీటర్లే హద్దు. సొరలు గుమిగూడే చోట్లు చాలావరకు ఆ హద్దుకు దగ్గరలోనే ఉంటాయి కనుక రెండో కోర్సు కూడా పూర్తి చేసి వెళ్లడం మంచిది. విశాఖ రుషికొండలో శిక్షణ దొరుకుతుంది. 200 మీటర్లు ఈది, 10 నిమిషాలు తేలి చూపించాలి. నాగావళిలోనో ఊరి చెరువులోనో ఈత నేర్చిన వారికి ఇది కష్టం కాదు గాని, మాస్కులో నీరు నిండినప్పుడు తొట్రుపడకుండా ముక్కుతో గాలి ఊది ఖాళీ చేయడం వేరే విద్య. అది చేతికి వచ్చే దాకా సాధన చేయాలి. ఉబ్బసం, గుండె జబ్బు, చెవి బాధలు ఉన్నవారు డబ్బు కట్టక ముందే వైద్యుని అనుమతి తీసుకోవాలి. నైట్రాక్స్ కోర్సు కూడా చేయండి. సిలిండరులో మామూలు గాలికి బదులు నింపే, 32 శాతం ఆక్సిజన్ ఉన్న ఆ మిశ్రమంతో నత్రజని ఒంట్లో తక్కువగా చేరుతుంది కనుక, వరుసగా దిగే రోజుల్లో అది బాగా అక్కరకు వస్తుంది.

డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు ఈశాన్య రుతుపవనాల వల్ల ప్రవాహం తూర్పు నుంచి పడమరకు సాగుతుంది. అప్పుడు పగడపు దీవుల వలయాల తూర్పు అంచు కాలువల్లోకి తేటనీరు వస్తుంది, సొరలూ అక్కడే చేరతాయి. ఆ నెలల్లో వావు వలయాన్ని చుట్టే మార్గాన్ని ఎంచుకోండి. మే నుంచి నవంబరు వరకు బా వలయంలోని హనీఫారు అఖాతానికి మాంటా టేకు చేపలు మేతకు వస్తాయి. అక్కడ సిలిండరుతో దిగడం నిషేధం, స్నార్కెల్ అనే ఊపిరి గొట్టంతో పైనుంచి చూడవలసిందే.

బోటును గదుల అందం చూసి ఎంచుకోవద్దు. 2019 సెప్టెంబరులో కాలిఫోర్నియా తీరంలో కాన్సెప్షన్ అనే డైవింగ్ బోటు రాత్రివేళ తగలబడి, కింది అంతస్తు పడక గదిలో ఉన్న 34 మంది చనిపోయారు. ఆ రాత్రి కాపలా తిరిగేవారు లేరు. అందుకే రాత్రంతా మెలకువగా ఉండేది ఎవరు, గదుల నుంచి బయటపడే రెండో దారి ఎక్కడ, కెమెరాల బ్యాటరీలను ఎక్కడ ఛార్జ్ చేస్తారు అని ముందే అడగండి. సూటిగా జవాబు రాకపోతే ఆ బోటును వదిలేయండి. ధరలో నైట్రాక్స్, పరికరాల అద్దె, గ్రీన్ ట్యాక్స్ (పర్యాటకుల మీద ఆ దేశం వేసే పన్ను) కలిసి ఉన్నాయో లేదో కూడా రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

ఇక అసలు ఘట్టం. పోటు సమయంలో సముద్రపు నీరు పగడపు వలయంలోకి తోసుకువచ్చే కాలువ అంచున, ఎదురు ప్రవాహంలో బూడిద రంగు సొరలు దాదాపు కదలకుండా తేలుతుంటాయి. గైడు సైగ చేయగానే ఆలస్యం లేకుండా కిందికి దిగి, రీఫ్ హుక్‌ను (తాడు కట్టిన కొక్కేన్ని) చచ్చిన రాతికి మాత్రమే తగిలించి, తేలడానికి తొడుక్కున్న జాకెట్‌లోకి కొద్దిగా గాలి ఎక్కించుకుంటే తాడు బిగుసుకుని, పగడాలకు పైన గాలిపటం లాగా నిలబడతారు. అప్పటి నుంచి చేతులు ఆడించకూడదు, వెంటాడకూడదు. ఊపిరి నెమ్మదిగా తీస్తూ ఉంటే సొరలే దగ్గరకు వస్తాయి. ఒక సొర వీపు వంచి, పక్క రెక్కలు కిందికి దించి, తల అటూ ఇటూ ఊపుతూ ఈదుతుంటే అది బెదిరింపు. చూపు తిప్పకుండా మెల్లగా వెనక్కి జరగాలి. చూసే ధ్యాసలో గాలి మీటరు, లోతూ సమయమూ చూపే డైవ్ కంప్యూటర్ మరచిపోవడమే అక్కడ పెద్ద ప్రమాదం. పైకి వచ్చేటప్పుడు 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగి, రంగు బెలూన్ వదిలి బోటుకు జాడ తెలపాలి.

దక్షిణ అరి వలయంలో తిమింగల సొరలు ఏడాది పొడవునా కనిపిస్తాయి. శరీరానికి 3 మీటర్లు, తోకకు 4 మీటర్ల దూరం పాటించాలి, ఫ్లాష్ వాడరాదు. మొప్పల వెనకనున్న చుక్కల అమరికను బట్టి పరిశోధకులు ఒక్కో సొరను గుర్తిస్తారు కనుక, ఎడమ పక్క నుంచి తీసిన స్పష్టమైన ఫోటో వారికి ఉపయోగపడుతుంది.

ఒంట్లో చేరిన నత్రజని ఎత్తుకు వెళ్లే ముందే బయటకు పోవాలి కనుక, చివరి డైవ్‌కూ మాలే నుంచి విమానం ఎక్కడానికీ మధ్య కనీసం 18 గంటలు ఉండాలి. నేనైతే 24 గంటలు ఉంచమంటాను. ఇదే నియమం రుషికొండలో శిక్షణ రోజులకూ వర్తిస్తుంది. పొద్దున్న సముద్రంలో దిగి, సాయంత్రానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకుకు కారులో వెళ్లే ఆలోచన ఉంటే దానిని మరునాటికి వాయిదా వేయండి.