కుళాయి కట్టేసి తొట్టిని చూడండి: టీఎన్‌ఎఫ్ ఎంఆర్‌ఎన్‌ఏ ఆయుష్షు కొలిచే పద్ధతి

టీఎన్‌ఎఫ్ వాపు పుట్టించే ప్రోటీన్. దాన్ని తయారుచేయమని జన్యువు నుంచి వెళ్లే సందేశమే టీఎన్‌ఎఫ్ ఎంఆర్‌ఎన్‌ఏ. ఎల్‌పీఎస్ అనే బ్యాక్టీరియా పదార్థం ఇస్తే రోగనిరోధక కణాలు రెచ్చిపోతాయి. మా ప్రయోగశాలలో చేరిన ప్రతి కొత్త విద్యార్థీ మొదటి నెలలోనే అడుగుతాడు: "మేడమ్, ఎల్‌పీఎస్ ఇచ్చాక టీఎన్‌ఎఫ్ ఎంఆర్‌ఎన్‌ఏ పెరిగింది. అంటే జన్యువు జోరుగా పనిచేస్తున్నట్టే కదా?" కాకపోవచ్చు. కుళాయి ఎక్కువ తిప్పినా తొట్టి నిండుతుంది, అడుగున తూము మూసుకుపోయినా నిండుతుంది. కుళాయి అంటే కొత్త ఎంఆర్‌ఎన్‌ఏ తయారీ, తూము అంటే ఉన్నది కరిగిపోవడం. తూము సంగతి తేలాలంటే కుళాయి కట్టేసి, నీరు సగానికి తగ్గడానికి ఎంతసేపు పడుతుందో చూడాలి. ఇక్కడ కుళాయి కట్టే మందు ఆక్టినోమైసిన్ డి. అది డీఎన్‌ఏలో ఇరుక్కుని కొత్త ఆర్‌ఎన్‌ఏ తయారీని ఆపేస్తుంది.

తూము ఎక్కడుందో ముందు తెలుసుకోండి. టీఎన్‌ఎఫ్ ఎంఆర్‌ఎన్‌ఏ చివరి భాగంలో ఏయూయూయూఏ అనే అక్షరాల వరుస పదేపదే వస్తుంది. 1986లో గ్రే షా, రాబర్ట్ కామెన్ ఇలాంటి 51 అక్షరాల ముక్కను జీఎం-సీఎస్‌ఎఫ్ అనే మరో ప్రోటీన్ జన్యువు నుంచి తీసి, నిలకడగా ఉండే గ్లోబిన్ సందేశానికి తగిలించారు. అంత గట్టి సందేశమూ ఇట్టే కరిగిపోయింది. ఆ వరుసను టీటీపీ అనే ప్రోటీన్ పట్టుకుని, సందేశం చివర వరుసగా ఏ అక్షరాలే ఉండే పాలీ-ఏ తోకను కొరికే ఎంజైముల బృందాన్ని పిలుస్తుంది. ఎల్‌పీఎస్ తగలగానే పీ38, దాని వెనుక ఎంకే2 అనే ఎంజైములు మేల్కొని టీటీపీకి ఫాస్ఫేటు తగిలించి దాని జోరు తగ్గిస్తాయి. అందుకే పీ38ను అడ్డుకుంటే తూము తెరుచుకోవాలి. మన ప్రయోగం పరీక్షించేది ఇదే.

ముందురోజు సాయంత్రం 12 చిన్న డిష్‌లలో ఒక్కోదానిలో 5 లక్షల రా 264.7 అనే ఎలుక రోగనిరోధక కణాలు వేయండి. 12 గుంతల ప్లేటు వాడితే పని సులువే గానీ, ఒక్క గుంత కోసం ప్లేటంతా బయటికి తీసినప్పుడల్లా మిగతావి చల్లబడతాయి. మరునాడు ఒక డిష్‌ను అలాగే వదిలేసి, మిగిలిన 11కి మిల్లీలీటరుకు 100 నానోగ్రాముల ఎల్‌పీఎస్ ఇవ్వండి. గంట ఆగండి.

ఇప్పుడు 10 డిష్‌లకు మిల్లీలీటరుకు 5 మైక్రోగ్రాముల ఆక్టినోమైసిన్. వాటిలో అయిదింటికి దానితోపాటు పీ38 నిరోధకం ఎస్‌బీ203580, మిగతా అయిదింటికి ఆ నిరోధకాన్ని కరిగించే ద్రావకం డీఎంఎస్‌ఓ మాత్రమే, అంతే పరిమాణంలో. పదకొండోదానికి మందు వేయకండి. 90 నిమిషాల తర్వాత దానిలో సందేశం ఎంత మిగిలిందో చూస్తే కుళాయి నిజంగా కట్టుబడిందో లేదో తెలుస్తుంది. మాధ్యమం మార్చకండి, మందును కొద్దిపాటి వెచ్చని మాధ్యమంలో కలిపి చేర్చండి. 0, 15, 30, 60, 90 నిమిషాలకు ఒక్కో జత తీసి, మాధ్యమం తోడేసి, డిష్‌లోనే కణాలను కరిగించి ఆర్‌ఎన్‌ఏను కాపాడే ట్రైజాల్ పోయండి. సున్నా జతను మందు వేసిన మరుక్షణమే ఆపాలి. లెక్కంతా దానిమీదే నిలబడుతుంది కాబట్టి దాన్ని తీస్తున్నప్పుడు నన్ను ఎవరూ పలకరించకూడదు! ఆక్టినోమైసిన్ విషం, చేతికి తొడుగులు లేకుండా ముట్టుకోకండి, వెలుతురులో ఉంచకండి.

నేను రెండు నెలలు పోగొట్టుకున్నది తర్వాతి మెట్టులో. సీడీఎన్‌ఏ (ఆర్‌ఎన్‌ఏకు డీఎన్‌ఏ నకలు) తయారీకి ఒలిగో-డీటీ ప్రైమరు (నకలు మొదలుపెట్టే చిన్న ముక్క) వాడాను. అది పాలీ-ఏ తోకను పట్టుకుంటుంది. కానీ టీటీపీ మొదట కొరికించేది ఆ తోకనే! తోక పోయినా ఒళ్లు మిగిలున్న సందేశాలు నా లెక్కలోకి రాలేదు. దాంతో టీఎన్‌ఎఫ్ ఆయుష్షు అసలుకన్నా తక్కువగా కనిపించింది. సందేశంలో ఎక్కడైనా అతుక్కునే ర్యాండమ్ హెక్సామర్లే వాడండి. పోలికకు, ప్రోటీన్ తయారుచేసే రైబోసోములోని 18ఎస్ ఆర్‌ఎన్‌ఏ తీసుకోండి. దానికి తోక ఉండదు, గంటన్నరలో తరగదు.

లెక్కకు కాలిక్యులేటరు కూడా అక్కర్లేదు. పీసీఆర్ సామర్థ్యం నూటికి నూరు దగ్గర ఉంటే, సీటీ (సంకేతం కనబడడానికి పట్టిన పీసీఆర్ చక్రాల సంఖ్య) ఒకటి పెరగడమంటే సందేశం సగమవడమే. టీఎన్‌ఎఫ్ సీటీలోంచి 18ఎస్ సీటీ తీసేసి, కాలానికి ఎదురుగా గీతగీయండి. సీటీ ఒకటి పెరగడానికి పట్టిన నిమిషాలే అర్ధాయుష్షు. నాకు డీఎంఎస్‌ఓ డిష్‌లలో 38 నిమిషాలు వచ్చింది, ఎస్‌బీ వేసినవాటిలో 18. మందు పట్టడానికి కాస్త సమయం పడుతుంది కాబట్టి మొదటి చుక్క వంకరగా ఉంటే కంగారుపడకండి. వేర్వేరు రోజుల్లో మూడుసార్లు చేయనిదే అంకెను నమ్మకండి. ఇదే పద్ధతిని ఎనిమిది గంటలు బతికే సందేశాలకు వాడకండి, ఆలోపు కణాలే చస్తాయి.

ఆయుష్షు తెలిసినంత మాత్రాన ప్రోటీన్ ఎంతో తెలియదు. 1999లో ఎంకే2 లేని ఎలుకల్లో టీఎన్‌ఎఫ్ ఉత్పత్తి దాదాపు 90 శాతం పడిపోయింది, కానీ ఎంఆర్‌ఎన్‌ఏ పరిమాణమూ నిలకడా తగ్గలేదు. అంటే సందేశం ఉంది, రైబోసోములు దాన్ని చదవడం లేదు. అందుకని ఆక్టినోమైసిన్ లేకుండా, ఎల్‌పీఎస్‌తో, ఎస్‌బీ ఉన్నవీ లేనివీ మరో నాలుగు డిష్‌లు పెట్టండి. నాలుగు గంటల తర్వాత వాటి మాధ్యమాన్ని పారబోయకుండా ప్రోటీన్ కొలిచే ఎలైసా పరీక్షకు దాచండి, కణాలను ట్రైజాల్‌లో వేయండి. ప్రోటీన్ పడిపోయినంతగా ఎంఆర్‌ఎన్‌ఏ పడిపోకపోతే, రైబోసోములను ఉన్నచోటే ఆపే సైక్లోహెక్సిమైడ్ సీసా, వాటిని వేరుచేసే సుక్రోజు తీసి బల్లమీద పెట్టుకోండి: పాలీసోముల (ఒకే సందేశాన్ని చదువుతున్న రైబోసోముల గుంపుల) పని మొదలవుతుంది.