నాలుగడుగుల బల్ల మీద రైల్వే యార్డు: చిన్న జాగాలో మోడల్ రైలు లేఅవుట్ ఎలా డిజైన్ చేసుకోవాలి?

మోడల్ రైళ్లంటే ఎంతో ఇష్టం ఉండి కూడా చాలామంది మొదలుపెట్టకుండా ఆగిపోయేది ఒక్క కారణంతోనే, ఇంట్లో జాగా లేదని. డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో ఒక గది మొత్తం రైలుకి ఇచ్చేయడం కుదరదు, నిజమే. కానీ గోడకి ఒక పుస్తకాల అర బిగించేంత చోటుంటే చాలు, రోజూ ఆడినా విసుగు రాని లేఅవుట్ కట్టుకోవచ్చు. కాకపోతే సికింద్రాబాద్ జంక్షన్‌ని కుదించి బల్ల మీదకి తెద్దామనే ఆలోచన ముందే వదిలేయాలి. నాలుగు వ్యాగన్లు నింపి, నాలుగు ఖాళీవి తెచ్చి పెట్టే చిన్న గూడ్స్ సైడింగ్ (మెయిన్ లైన్ నుంచి పక్కకి చీలి ఆగిపోయే పట్టా) లాంటి చోటు ఒకటి ఎంచుకుని, ఉన్న జాగా అంతా దానికే ఇవ్వాలి.

ఎందుకంటే లెక్క అలా ఉంటుంది మరి. మన ఐసీఎఫ్ పెట్టె, అంటే చెన్నై ఫ్యాక్టరీలో తయారైన మామూలు ప్రయాణికుల పెట్టె, దాదాపు 21.3 మీటర్లు. హెచ్‌ఓ స్కేలు అంటే 1:87, నిజం రైలులో 87వ వంతు సైజు, అందులో అదే పెట్టె 24.5 సెంటీమీటర్లు వస్తుంది. 18 పెట్టెల ఎక్స్‌ప్రెస్ పెడితే ఇంజిన్ కాకుండానే నాలుగున్నర మీటర్ల దాకా పోతుంది, ఇంక దానికి ప్లాట్‌ఫారం, రెండు చివర్లా పాయింట్లు (రైలుని ఒక లైన్ నుంచి ఇంకో లైన్‌కి మళ్లించే పట్టాలు) కలుపుకుంటే హాలు కూడా చాలదు. నాలుగు పెట్టెలు పెట్టి ఎక్స్‌ప్రెస్ అనుకుందామంటే కంటికి ఆనదు. అదే నిజంగానే నాలుగైదు వ్యాగన్లతో నడిచే లైన్‌ని తీసుకుంటే దేన్నీ కుదించక్కర్లేదు.

1. జాగా కొలవండి, ముందు సెంటీమీటర్లలో, తర్వాత వ్యాగన్లలో

టేపు పట్టుకుని గోడ పొడవు, లోతు రాసుకోండి. తలుపు ఎంత దూరం తెరుచుకుంటుంది, స్విచ్ బోర్డు ఎక్కడుంది, ఎండ నేరుగా పడుతుందా, ఇవి కూడా చూడాలి. బాల్కనీ వద్దు, ఎండకి పట్టాలు సాగుతాయి, వానజల్లుకి ప్లైవుడ్ ఉబ్బుతుంది. వంటింటి పక్క గోడ కూడా వద్దు, పోపు జిడ్డు పట్టాల మీద పేరుకుంటే ఇంజిన్‌కి కరెంటు సరిగా అందదు. బల్ల లోతు 60 సెంటీమీటర్లు దాటనివ్వకండి, పట్టాలు తప్పిన వ్యాగన్‌ని ముందున్న చెట్లు, స్తంభాలు విరక్కుండా చేయి చాపి తీయగలిగే దూరం మామూలుగా అంతే. కొలతలన్నీ అయ్యాక ఆ పొడవులో మీ వ్యాగన్లు ఎన్ని పడతాయో లెక్కేయండి, ఇక్కణ్ణుంచి డిజైన్ అంతా ఆ లెక్క మీదే నడుస్తుంది.

2. స్కేలు, గేజు

చిన్న జాగాకి రెండు దారులున్నాయి. ఒకటి ఎన్ స్కేలు, 1:160, పట్టాల మధ్య 9 మిల్లీమీటర్లు. రెండోది హెచ్‌ఓ, పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు కాబట్టి 1:87లో లెక్క ప్రకారం 19 మిల్లీమీటర్ల పైన రావాలి, అంటే హెచ్‌ఓ పట్టాల మీద మన రైలు కొంచెం ఇరుకు కాళ్లతో నిలబడినట్టు కనిపిస్తుంది. దాన్ని చాలామంది పట్టించుకోరు, మీకూ పట్టింపు లేకపోతే హాయిగా వాడుకోండి.

నాకు మాత్రం మూడో దారే బాగా నచ్చుతుంది. మన న్యారోగేజ్‌లో ఎక్కువ లైన్లు 762 మిల్లీమీటర్లవి. 762ని 87తో భాగిస్తే 8.76, అంటే ఎన్ స్కేలు 9 మిల్లీమీటర్ల పట్టాలకి దాదాపు అతికినట్టు సరిపోతుంది. మనుషులు, ఇళ్లు, చెట్లు హెచ్‌ఓ సైజులో కంటికి నిండుగా ఉంటాయి, రైలు మాత్రం ఎన్ స్కేలు జాగాలో ఒదిగిపోతుంది. ఇలాంటి లైను మన శ్రీకాకుళం జిల్లాలోనే ఉండేది. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో మొదలైన పర్లాకిమిడి లైట్ రైల్వే, తర్వాత గుణుపురం దాకా పెరిగి 90 కిలోమీటర్ల లైన్ అయింది, 2004లో గేజ్ మార్పిడికి మూతపడి 2011లో బ్రాడ్‌గేజ్‌గా తెరుచుకుంది. నౌపడలో మెయిన్ లైన్ పక్కనే ఈ చిన్న లైను, చుట్టూ ఉప్పు మళ్లు. నాలుగడుగుల బల్లకి ఇంతకన్నా మంచి సరుకు నాకు తట్టదు. అచ్చం అక్కడి స్టేషన్‌నే గీయక్కర్లేదు, అలాంటి ఊళ్లో ఒక ఉప్పు సైడింగ్ ఊహించుకున్నా చాలు.

ఇందులో కష్టం కూడా ఉంది. మన న్యారోగేజ్ బళ్లు రెడీమేడ్‌గా దొరుకుతాయని ఆశ పెట్టుకోవద్దు. ఎన్ స్కేలు ఇంజిన్ ఛాసిస్ కొని, పైన బాడీ స్టైరీన్ ప్లాస్టిక్ షీటుతోనో 3డీ ప్రింట్‌తోనో మీరే చేసుకోవాలి. మామూలు ఎన్ స్కేలు పట్టాలకి స్లీపర్లు మరీ దగ్గరగా ఉంటాయి, న్యారోగేజ్‌కి అది నప్పదు, పీకో కంపెనీ వాళ్లు న్యారోగేజ్ మోడళ్లకని చేసే 9 మిల్లీమీటర్ల 009 పట్టాలైతే స్లీపర్ల ఎడం చూడ్డానికి సరిగ్గా ఉంటుంది.

3. రైలు ఏం పని చేయాలో ముందే తేల్చుకోండి

ఇది అన్నిటికన్నా ముఖ్యం. రైలు గుండ్రంగా తిరుగుతుంటే చూడాలా, లేక మీరు డ్రైవర్‌గా పని చేయాలా? తిరగడమే కావాలంటే మలుపులకి వెడల్పు కావాలి. ఎన్ స్కేల్లో 28 సెంటీమీటర్ల వ్యాసార్థంతో మలుపు తిప్పితే అంచులతో కలిపి 65-70 సెంటీమీటర్ల బల్ల చాలు, రెండున్నర అడుగుల ఫ్లష్ డోర్ ఒకటి కొని పడుకోబెడితే సరిపోతుంది, కాకపోతే వెనక అంచు కూడా అందేలా దాన్ని గోడకి దూరంగా జరుపుకునే వీలుండాలి. హెచ్‌ఓలో 44 సెంటీమీటర్ల మలుపుకి మీటరు వెడల్పు కావాలి, అది చాలా ఇళ్లలో కష్టం. ఒక మలుపు కుడికి తిరిగి వెంటనే ఎడమకి తిరిగేలా ఎప్పుడూ పెట్టకండి, మధ్యలో కనీసం మీ పొడుగాటి పెట్టె అంత తిన్నని పట్టా ఉండాలి, లేకపోతే పెట్టెలు ఒకదాన్నొకటి పక్కకి లాగి పట్టాలు తప్పిస్తాయి. ఇంక ఒక లైన్ మీదుగా ఇంకో లైన్ వంతెన ఎక్కించాలనే సరదా చిన్న బల్ల మీద మానుకోవడమే మేలు. హెచ్‌ఓలో కింద రైలు దూరడానికి ఏడున్నర సెంటీమీటర్లు లేపాలి, 3 శాతం వాలుతో ఎక్కడానికే రెండున్నర మీటర్లు పడుతుంది, దిగడానికి మళ్లీ అంత.

మీరే డ్రైవర్‌గా పని చేయాలంటే షంటింగ్ లేఅవుట్, అంటే వ్యాగన్లని విడదీసి, కలిపి, ఒక లైన్ నుంచి ఇంకో లైన్‌కి మార్చే ఆట. నాలుగడుగుల వాళ్లకి నేను చెప్పేది ఇదే.

4. ఇంగిల్‌నుక్ ప్లాన్: మూడు సైడింగ్‌లు, రెండు పాయింట్లు

ఇంగ్లండ్‌లో అలన్ రైట్ అనే మోడలర్ 1970లలో తయారుచేసిన ప్లాన్ ఇది, ఇప్పటికీ దీన్ని మించిన చిన్న ప్లాన్ నేను చూడలేదు. సైడింగ్‌లు మూడు, ఒకదాంట్లో ఐదు వ్యాగన్లు పట్టాలి, మిగతా రెండిట్లో మూడేసి. వీటన్నిటికీ ముందు ఒక షంటింగ్ నెక్, అంటే ఇంజిన్ సైడింగ్‌లోంచి వ్యాగన్లని బయటికి లాక్కొచ్చే పట్టా, అందులో ఇంజిన్‌తో పాటు సరిగ్గా మూడు వ్యాగన్లే పట్టాలి. మొత్తం వ్యాగన్లు ఎనిమిది.

ఆట ఎలాగంటే, పెద్ద సైడింగ్‌లో ఐదు, ఒక చిన్న సైడింగ్‌లో మూడు నిలబెట్టండి, ఇంకోటి ఖాళీ. ఎనిమిది వ్యాగన్లకి ఎనిమిది చీటీలు రాసి డబ్బాలో వేసి ఐదు తీయండి. ఏ వరసలో వచ్చాయో అదే వరసలో ఆ ఐదిటితో రైలు కట్టి పెద్ద సైడింగ్‌లో పెట్టాలి, చేత్తో ఎత్తి పెట్టడం ఉండదు. మీకు కావలసిన ఉప్పు వ్యాగన్ మూడోదాని వెనక ఇరుక్కుని ఉంటుంది, దాన్ని బయటికి లాగాలంటే ముందున్నవాటిని ఎక్కడో దాచాలి, దాచే చోట ఇప్పటికే రెండుంటాయి. ఎనిమిదిట్లోంచి ఐదింటిని వరసగా తీసే పద్ధతులు 6,720 ఉన్నాయి కాబట్టి ఆట అయిపోతుందనే బెంగ లేదు. నెక్ పొడవు ఒక్క వ్యాగన్ ఎక్కువైతే ఆట మరీ తేలికైపోతుంది, ఒకటి తగ్గితే చాలా వరసలు మహా కష్టమవుతాయి, అందుకే ఈ కొలత దగ్గర రాజీ వద్దు.

ఇప్పుడు మన న్యారోగేజ్ బళ్లతో లెక్క చూద్దాం. నాలుగు చక్రాల వ్యాగన్ కప్లింగ్‌తో కలిపి 7 సెంటీమీటర్లు, ఇంజిన్ 10 అనుకుందాం. నెక్‌కి 10, మూడు వ్యాగన్లకి 21, కొంచెం ఊపిరికి 2, మొత్తం 33. మొదటి పాయింటు 12.5. అక్కణ్ణుంచి ఫౌలింగ్ మార్క్ దాకా 5, అంటే పక్క లైన్‌లో వచ్చే బండికి తగలకుండా వ్యాగన్ నిలబెట్టగలిగే చోటు అన్నమాట, చాలామంది లెక్కలో మర్చిపోయేది దీన్నే. తర్వాత ఐదు వ్యాగన్లకి 35, చివర బండిని ఆపే బఫర్‌కి 3. అంతా కలిపితే 88.5 సెంటీమీటర్లు!

ఇంత తక్కువలో రావడానికి కారణం పెద్ద సైడింగ్‌ని మొదటి పాయింటు నుంచే విడదీయడం. చిన్నవి రెండూ రెండో పాయింటు దాటాక మొదలవుతాయి, వాటికి మూడేసి వ్యాగన్లే కాబట్టి అవీ దాదాపు అక్కడికే వచ్చి ఆగుతాయి. తిరగేసి, పెద్దదాన్ని రెండో పాయింటు తర్వాత పెడితే ఇంకో 12.5 పోతుంది. హెచ్‌ఓలో బాక్స్‌ఎన్ అనే బొగ్గు వ్యాగన్లు, మెయిన్ లైన్ డీజిల్ ఇంజిన్‌తో ఇదే లెక్క వేస్తే దాదాపు 150 సెంటీమీటర్లు వస్తుంది, ఐదడుగుల గోడ ఉన్నవాళ్లకి అదీ బావుంటుంది.

మన బల్ల 120 సెంటీమీటర్లు కదా, మిగిలిన 30ని ఇంకో సైడింగ్‌తో నింపేయకండి. లైను బయటి ఊరికి వెళ్తున్నట్టు నెక్ చివర ఒక రోడ్డు వంతెన కట్టి, దాని వెనక క్యాసెట్ పెట్టుకోండి. క్యాసెట్ అంటే పెద్ద పనేం కాదు, ప్లైవుడ్ ముక్క మీద రెండు అల్యూమినియం ఎల్-యాంగిళ్లు చక్రాలు పట్టే ఎడంతో అతికిస్తే పట్టాల్లా పనిచేస్తాయి, కరెంటూ అందిస్తాయి. రైలు మొత్తాన్ని దాంతో సహా ఎత్తి ఇంకోటి పెట్టొచ్చు. షంటింగ్ ఆట ఆడేటప్పుడు మాత్రం క్యాసెట్ తీసేసి ఆ చివర మూసేయాలి, లేకపోతే నెక్ పొడవు పెరిగిపోతుంది.

5. కాగితం మీద అసలు సైజులో గీయండి

స్క్రీన్ మీద ప్లాన్ వేసుకోవడానికి ఎక్స్‌ట్రాక్‌క్యాడ్ ఉచితంగా దొరుకుతుంది, మొదట్లో అది చాలు. కానీ చివరికి బ్రౌన్ పేపర్ రోల్ తెచ్చి బల్ల సైజుకి కత్తిరించి దాని మీద అసలు సైజులోనే గీయాలి. పాయింట్లకి పీకో వాళ్లు ప్రింట్ తీసుకునే టెంప్లేట్లు ఇస్తారు, వాటిని అతికించి, వ్యాగన్లు నిజంగా పెట్టి చూడండి. వ్యాగన్లు ఇంకా కొనకపోతే అట్టముక్కలు కత్తిరించుకుని వాటితోనే ఆట మొత్తం ఒకసారి ఆడి చూడండి. పాయింటు చేతికి అందుతుందా, వ్యాగన్ విడదీయడానికి అగరుబత్తి పుల్ల దూర్చే సందు ఉందా అన్నది అప్పుడే తెలుస్తుంది. పట్టాలు బల్ల అంచుకి సమాంతరంగా గీయకండి, ఒక చివర ఐదారు సెంటీమీటర్లు వాల్చితే చాలు, అదే బల్ల ఇంకా పొడుగ్గా కనిపిస్తుంది.

6. బల్ల, వైరింగ్

12 మిల్లీమీటర్ల ప్లైవుడ్, కింద చుట్టూ చెక్క ఫ్రేము, మధ్యలో రెండు అడ్డపట్టీలు. విశాఖ, కాకినాడ వైపు వాళ్లయితే తేమకి ఆగే బీడబ్ల్యూఆర్ రకం తీసుకోండి. ఎత్తు మీ ఛాతీ దాకా ఉంటే చిన్న లేఅవుట్ చాలా అందంగా కనిపిస్తుంది, పైనుంచి చూసేకొద్దీ బొమ్మలా ఉంటుంది.

వైరింగ్‌కి టెన్షన్ పడాల్సిన పని లేదు. ఈ ప్లాన్‌కి 12 ఓల్టుల డీసీ కంట్రోలర్ నుంచి రెండే వైర్లు, రెండూ నెక్ దగ్గర పట్టాలకి సోల్డర్ చేస్తే చాలు. పీకో లాంటి పాయింట్లు మీరు ఏ దారికి తిప్పితే ఆ సైడింగ్‌కే కరెంటు పంపిస్తాయి, మిగతావి ఆగిపోయి ఉంటాయి. అన్ని రకాల పాయింట్లూ ఇలా పనిచేయవు, కొనేముందు అడగండి. ఇంకో మాట, పాయింటులో రెండు దారుల పట్టాలు కలుసుకునే మూలని ఫ్రాగ్ అంటారు, అది ప్లాస్టిక్‌దైతే చిన్న ఇంజిన్లు దాని మీద ఆగిపోతుంటాయి, నాలుగు చక్రాల ఇంజిన్ అయితే మరీను. కొంచెం ఖర్చయినా కరెంటు పారే మెటల్ ఫ్రాగ్ పాయింట్లే కొనండి. షంటింగ్‌లో ఇంజిన్ నత్తలా కదలాలి, ప్రతి పాయింటు దగ్గరా వేలితో తోయాల్సి వస్తే ఆట మీద మనసు విరిగిపోతుంది.

7. సీనరీకి చోటు ముందే వదలండి

పొడుగు కట్టడాలన్నీ వెనక, పొట్టివి ముందు. వెనక గోడ దగ్గర గోడౌన్ మొత్తం కట్టక్కర్లేదు, ముందు ముఖం, రెండు సెంటీమీటర్ల మందం చాలు, సన్‌బోర్డుతో ఒక ఆదివారం పని. ఆకాశానికి లేత నీలం వేసిన ఒకే షీటుని మూలల్లో గుండ్రంగా వంచితే అతుకు కనపడదు.

ఉప్పు కుప్పలకి నిజం ఉప్పు వాడకండి, తేమ పీల్చి ఇంజిన్ చక్రాల్నీ యాక్సిళ్లనీ తినేస్తుంది. థర్మాకోల్‌ని కుప్పలా చెక్కి, పైన ఫెవికాల్ రాసి తెల్ల ముగ్గుపిండి జల్లితే దగ్గరగా చూసినా ఉప్పే అనిపిస్తుంది. రెండు కుప్పల మీద తాటాకు కప్పినట్టు కొబ్బరిపీచు సన్నగా చీల్చి వరసలుగా అతికించండి. పట్టాల కంకరకి ఇసుకని టీ వడపోసే జాలీలో జల్లించి వాడుకోవచ్చు, కాకపోతే ముందు అయస్కాంతం తిప్పి అందులో ఇనుప రజను తీసేయాలి, అది మోటారులోకి లాక్కుంటుంది.

8. కంకర పోసేముందు వారం రోజులు ఆడండి

పట్టాల్ని మొదట సన్న మేకులతో మాత్రమే నిలబెట్టి ఆట ఆడండి. అన్ని వ్యాగన్లనీ అన్ని సైడింగ్‌లలోకి, ముందుకీ వెనక్కీ, ముఖ్యంగా ఇంజిన్‌తో నెట్టుతూ పంపించాలి, లాగినప్పుడు బాగా నడిచే వ్యాగన్ నెట్టినప్పుడు పట్టాలు తప్పుతుంది. ఎక్కడ తప్పుతుందో అక్కడ చిన్న టేపు ముక్క అంటించి, అతుకు దగ్గర వేలితో తడిమి చూడండి, చాలాసార్లు ఒక పట్టా, రెండిటినీ కలిపే జాయినర్‌లోకి కాకుండా దాని మీదకి ఎక్కి ఉంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో పట్టాలు తుడవడం, ఆట అయ్యాక పాత దుప్పటి కప్పడం ఇప్పుడే అలవాటు చేసుకోండి, సీలింగ్ ఫ్యాన్ ఉన్న గదిలో దుమ్ము రెండు రోజుల్లో పేరుకుంటుంది. ఇంజిన్ ఎక్కడా ఆగకుండా, వ్యాగన్ ఎక్కడా తప్పకుండా వరసగా ఓ ఐదారు ఆటలు పూర్తయ్యాక కంకర పోయండి.