కడప బండ మీద హుస్సైట్ యుద్ధం: ఇద్దరాడే ఆట

పులిమేక ఆడినవాళ్ళకు ఇది తొందరగా పట్టుబడుతుంది. అక్కడ 3 పులులు, 15 మేకలు. రెండు పక్కలా బలమూ వేరు, ఎత్తూ వేరు. ఇక్కడ ఒక పక్క బండ్లు తోలుకొచ్చిన తిరుగుబాటుదారులు, ఎదుట కవచాలు తొడిగిన రౌతులు. 1415 జూలై 6న కాన్‌స్టాన్స్‌లో మతబోధకుడు యాన్ హుస్‌ను సజీవంగా కాల్చేశారు. నాలుగేళ్ళకు ఆయన అనుచరులైన హుస్సైట్లు బొహీమియాలో (నేటి చెక్ దేశంలో) తిరగబడ్డారు. 1420-1431 మధ్య పోప్ పిలుపుమీద క్రూసేడ్ (మతయుద్ధ) దండ్లు వరసగా వచ్చి ఓడిపోయాయి. హుస్సైట్ల సేనాని యాన్ జిష్కా బండ్లను గొలుసులతో కలిపి కోటగా నిలిపిన పద్ధతే తిరుగుబాటుదారులను నిలబెట్టింది. కాబట్టి ఆటకు ప్రాణం ఆ బండ్ల కోటే.

రెండడుగుల చదరం కడప బండ తునక తెచ్చి, 3 అంగుళాల గడులు 8×8 గీయండి. చాక్‌పీస్ గీతలు చేతి చెమటకే చెరిగిపోతాయి. తెల్ల పెయింటుతో గీసి ఒక రాత్రి ఆరనివ్వండి. బండ్లకు 8 అగ్గిపెట్టెలు, కాలిబంట్లకు 12 చింతపిక్కలు, రౌతులకు 16 గుండీలు, వేయడానికి 4 రూపాయి బిళ్ళలు. గవ్వలు వద్దు. అవి బొమ్మాబొరుసుల్లా సమానంగా పడవు, లెక్క తప్పుతుంది.

పెట్టెలను మీ వైపు మొదటి 3 వరసల్లో 3×3 చదరంగా, నడి గడి వదిలి పడుకోబెట్టండి. బండికొక పిక్క, నడి గడిలో 4. గుండీలు అవతలి చివరి రెండు వరసలనూ నింపుతాయి. మొదటి వంతు బండ్లది.

బండ్లు వంతుకు ఒక గడి కదులుతాయి, లేదా ఆ వంతంతా పెట్టి కోట కడతాయి. కట్టినప్పుడు పెట్టెలను నిలబెట్టాలి. నిలిచిన బండిలో పిక్క ఉంటే ప్రతి వంతులో రెండు గడుల దూరం దాకా కాల్చవచ్చు: 4 బిళ్ళలు వేస్తే కనీసం 3 బొమ్మలు పడాలి (16లో 5 వంతుల అవకాశం), గుండీ పోతుంది. రౌతు రెండు గడులు కదిలి, ఆనుకున్న గడిమీద పడతాడు. నిలిచిన బండిమీద 3 బొమ్మలు పడితే పిక్క చస్తుంది, 2 పడితే రౌతు ఒక గడి వెనక్కి, అంతకు తగ్గితే రౌతే పోతాడు. పడుకున్న బండిమీద, బయటున్న పిక్కమీద 2 బొమ్మలు చాలు. పిక్క లేని బండిని బిళ్ళలు వేయకుండానే పట్టవచ్చు. బండ్ల పక్షం తన వంతులో నడి గడి పిక్కను ఖాళీ బండిలోకి ఎక్కించుకోవచ్చు.

ఇక రెండు గడువులు. కోట 5 వంతులే నిలుస్తుంది, గుర్రాలకు మేత అయిపోతుంది. ఆరో వంతులో పెట్టెలు పడుకోబెట్టి ఒక గడి కదపాలి, మళ్ళీ నిలబెట్టడం ఆ తర్వాతి వంతులోనే. అటు రౌతులకు జీతం అందదు: 8వ వంతు నుంచి 2 బిళ్ళలు వేసి, బొరుసుకొక గుండీ తీసేయాలి. 4 బండ్లు పోతే రౌతుల గెలుపు. 4 గుండీలే మిగిలితే బండ్లది. మేత లెక్క మరిస్తే ఆట చచ్చిపోతుంది: బండ్లు ముడుచుకుని కూర్చుంటాయి, రౌతులు ఎదురుచూస్తూ కరిగిపోతారు. 5 పిక్కలు విడిగా పెట్టుకుని వంతుకొకటి తీయండి.

కొత్తవాళ్ళు రౌతులను ఒక్కొక్కరినే పంపి పోగొట్టుకుంటారు. మూలబండినే పట్టండి. దానికి బయటినుంచి 5 గడులు ఆనుకుంటాయి, నడుమ బండికి 3 మాత్రమే. ముగ్గురిని ఒకే వంతులో మూలమీదికి తోలితే మొదటివాడు పిక్కను చంపుతాడు, రెండోవాడు ఖాళీ బండిని పట్టేస్తాడు.

బండ్ల పక్షం చేసే పెద్ద తప్పు, వెనక్కి తగ్గిన రౌతును తరమడం. వెనక్కి పోయిన గుండీ తర్వాతి వంతులో ఎదురు కొట్టలేదు, బయటికొచ్చిన పిక్క 2 బొమ్మలతో దాన్ని తీసేయవచ్చు. అందుకే ఆశ పుడుతుంది. కానీ పిక్క దిగిన బండి ఖాళీ. 1434 మే 30న లిపానీ దగ్గర అచ్చంగా ఇదే జరిగింది: ఎదుటివాళ్ళు పారిపోతున్నట్టు నటిస్తే తబోరీయులు (హుస్సైట్లలో తీవ్ర పక్షం) కోట తెరిచి వెంటపడి ఓడిపోయారు. నడి గడిలో రెండు పిక్కలు తగ్గాక ఎవరినీ తరమొద్దు. బండ్లే ప్రతిసారీ గెలుస్తుంటే మేతను 4 వంతులకు కుదించండి.